కుట్టు కింద దారం గూడు కడుతోంది, బాబిన్ స్క్రూ ఎంత బిగించినా తగ్గట్లేదు (పాత తొక్కుడు మిషన్)

కొత్తకుట్టు (తెనాలి) – సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అత్తగారి నల్ల తొక్కుడు మిషన్ ఏడేళ్ళుగా మూలన పడి ఉంది. పోయిన నెల దుమ్ము దులిపి, కొత్త బెల్టు వేయించి మొదలుపెట్టాను. లంగాలకు అంచులు కుట్టినన్నాళ్ళూ ఏదో నడిచింది. ఇప్పుడు బ్లౌజు ముక్కలు పెడితే పైన కుట్టు బాగానే కనిపిస్తోంది కానీ, గుడ్డ తిప్పి చూస్తే కింద అంతా ఉచ్చులు ఉచ్చులుగా పిచ్చుక గూడులా ఉంటోంది. నాలుగు అంగుళాలు కుట్టేసరికి బిగుసుకుపోయి చక్రం తిరగదు. గుడ్డ లాగితే సూది వంగిపోతోంది. రెండు సూదులు అలాగే పోయాయి.

గూడు కింద కడుతోంది కాబట్టి తప్పు కింది దారం చుట్టి ఉండే బాబిన్‌దే అనుకుని, దాన్ని పెట్టే బాబిన్ కేస్ మీదున్న చిన్న స్క్రూ బిగించాను. తగ్గలేదు. ఇంకాస్త బిగించాను. ఇప్పుడు కింది దారం చేత్తో లాగినా రావట్లేదు, గూడు మాత్రం అలాగే ఉంది. మా చెల్లెలివి మూడు బ్లౌజులు గురువారానికల్లా ఇవ్వాలి. వాటిలో ఒకటి పట్టుది. దాని మీద సూది పెట్టాలంటే భయంగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

బ్లౌజ్ అక్క (కరీంనగర్) – సోమవారం, రాత్రి 10:05

చెల్లీ, ముందు ఆ పట్టు బ్లౌజు మడిచి బీరువాలో పెట్టెయ్. పాత కాటన్ దుప్పటి ముక్క తీసుకో, ప్రయోగాలన్నీ దాని మీదే.

ఇంకోటి. బిగుసుకున్నప్పుడు గుడ్డ లాగొద్దు. చక్రాన్ని చేత్తో కొంచెం అటూ ఇటూ ఆడించి సూదిని పైకి తెచ్చుకో, గుడ్డను నొక్కి పట్టే మిషన్ పాదం ఎత్తు, జరిగే ప్లేటు తెరిచి కింద దారాలు కత్తెరతో కత్తిరించు. లాగితే సూది పోవడమే కాదు, కింద పైదారాన్ని పట్టి తిప్పే షటిల్ మొన కూడా దెబ్బతింటుంది. అది పాడైతే ఖర్చు.

రేపు నాలుగు సంగతులు చూసి చెప్పు: పైదారం ఏ దారిలో ఎక్కిస్తున్నావు, ఎక్కించేటప్పుడు పాదం కింద ఉందా పైన ఉందా, సూది నంబరు ఎంత, బాబిన్లు కొత్తవా పాతవా.

కొత్తకుట్టు – మంగళవారం, ఉదయం 7:15

అక్కా, పాదం ఎప్పుడూ కిందికే దించి ఉంచుతాను, దుమ్ము పడదని. అలాగే దారం ఎక్కిస్తాను. సూది 16. బాబిన్లు ఆరు ఉన్నాయి. నాలుగు పాతవి, రెండు పోయిన వారం బజారులో కొన్నాను.

మిషన్ మెకానిక్ (వరంగల్) – మంగళవారం, మధ్యాహ్నం 1:30

అమ్మా, నీ గూడుకు కారణం ఆ మొదటి వాక్యంలోనే ఉంది. పాదం దించి దారం ఎక్కించడం. ముప్పై ఏళ్ళుగా మిషన్లు బాగుచేస్తున్నాను. "బాబిన్ పాడైంది" అని నా దగ్గరికి తెచ్చిన మిషన్లలో సగానికి పైగా తప్పు పైనే దొరుకుతుంది. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే మళ్ళీ ఎవరినీ అడగక్కర్లేదు.

జరిగే ప్లేటు తెరిచి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా నీ వైపుకు తిప్పుతూ కిందకు చూడు. సూది పైదారాన్ని కిందికి తీసుకెళ్తుంది. అట్టడుగుకు వెళ్ళి కొంచెం పైకి లేవగానే సూది కన్ను దగ్గర దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. షటిల్ మొన ఆ ఉచ్చును పట్టుకుని, బాబిన్ కేస్ మొత్తం చుట్టూ తిప్పుతుంది. అంటే ఒక్కొక్క కుట్టుకూ పైదారం అంత పెద్ద బాబిన్ కేస్‌ను చుట్టి రావాలి. అలా చుట్టిన దారమంతా మళ్ళీ పైకి వెళ్ళాలి కదా. దాన్ని లాగేది ముందు వైపు పైకీ కిందికీ ఆడే కొక్కెం. పైదారాన్ని మధ్యలో నొక్కి పట్టే రెండు టెన్షన్ బిళ్ళలు వెనక నుంచి దారాన్ని పట్టి ఉంచితేనే కొక్కెం కింద మిగిలిన దారాన్ని లాగగలదు. బిళ్ళల మధ్య దారం లేకపోతే కొక్కెం కింది నుంచి కాకుండా రీలు నుంచి లాక్కుంటుంది. కింద మిగిలిన దారం అక్కడే ఉండిపోయి గూడు కడుతుంది.

పాదం దించినప్పుడు ఆ రెండు బిళ్ళలూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. దారం వాటి మధ్యలోకి దిగదు, అంచు మీదే ఆగుతుంది. చూడటానికి ఎక్కించినట్టే కనిపిస్తుంది. పాదం ఎత్తితే బిళ్ళలు విడతాయి, దారం లోపలికి జారుతుంది. అంతే తేడా.

పరీక్ష ఇలా చెయ్యి. పాదం ఎత్తి, దారం మొత్తం తీసేసి మొదటి నుంచి ఎక్కించు. సూదిలోకి ఎక్కించే ముందు దారం కొసను పట్టుకుని లాగు, తేలిగ్గా రావాలి. ఇప్పుడు పాదం దించి లాగు, గట్టిగా పట్టి రావాలి. రెండుసార్లూ ఒకేలా తేలిగ్గా వస్తే దారం బిళ్ళల మధ్యకు వెళ్ళలేదని అర్థం. బిళ్ళల మధ్య పాత దారం ముక్కలు ఇరుక్కుని ఉండొచ్చు. గట్టి దారాన్ని దంతాల మధ్య తోముకున్నట్టు అటూ ఇటూ లాగితే అవి బయటికి వస్తాయి.

గుర్తు పెట్టుకో: ఉచ్చులు గుడ్డ కింద కనిపిస్తే పైదారం వదులు. ఉచ్చులు గుడ్డ పైన కనిపిస్తే కింది దారం వదులు, లేదా పైది మరీ బిగువు.

బాబిన్ కేస్ స్క్రూ ఇంక ముట్టుకోకు. సాయంత్రం దాని సంగతి చెబుతాను.

కొత్తకుట్టు – మంగళవారం, సాయంత్రం 5:50

అన్నా! పాదం ఎత్తి ఎక్కించి చూశాను. మీరు చెప్పినట్టే బిళ్ళల మధ్య నుంచి ఎర్ర దారం ముక్క ఒకటి, దుమ్ముతో ముద్దగా వచ్చింది. ఆ ఎర్ర దారం అత్తగారు వాడిందే అయి ఉంటుంది. గూడు పోయింది! కానీ ఇప్పుడు కొత్త సమస్య. గుడ్డ ముడతలు పడుతోంది, నాలుగైదు అంగుళాలకు ఒకసారి దారం తెగుతోంది. కింది దారం గుడ్డ అడుగున సన్నగా తీగలాగా తిన్నగా పడుకుని ఉంది.

మిషన్ మెకానిక్ – మంగళవారం, సాయంత్రం 6:20

అది నువ్వు బిగించిన స్క్రూ ఫలితం. ఇప్పుడు కింది దారం మరీ బిగువైపోయింది, పైదారాన్ని కిందికి గుంజుతోంది. దాన్ని పాత స్థితికి తేవాలి.

బాబిన్ కేస్ పక్కన సన్నని స్ప్రింగు రేకు ఉంటుంది. దాని మీద రెండు స్క్రూలు కనిపిస్తాయి. ఒకటి రేకును పట్టి ఉంచేది, దాని జోలికి వెళ్ళొద్దు. రెండోది, కాస్త తల పెద్దగా ఉండేది, టెన్షన్‌ది. కింద తెల్ల గుడ్డ పరుచుకుని దాని మీద చెయ్యి. ఈ స్క్రూ ఊడిపడితే వెతకడం చాలా కష్టం. చిన్న స్క్రూడ్రైవర్‌తో ఎడమ వైపుకు పావు చుట్టు కంటే తక్కువ తిప్పి, ప్రతిసారీ ఆగి చూడు.

చూడటం ఎలా అంటే, బాబిన్ వేసిన కేస్‌ను దారం కొస పట్టుకుని గాలిలో వేలాడదియ్యి. దానంతట అది జర్రున కిందికి జారిపోతే వదులు. చేతిని చిన్నగా కుదిపితే రెండు మూడు అంగుళాలు దిగి ఆగితే సరిపోయింది. కుదిపినా కదలకపోతే బిగువు. ఇది మామూలు పాలిస్టర్ దారానికి.

బ్లౌజ్ అక్క – మంగళవారం, రాత్రి 8:00

అన్న చెప్పింది సరైనదే, ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోను. "స్క్రూ ముట్టుకోకు" అని అందరికీ చెప్పి భయపెట్టడం వల్ల చాలామంది ఆడవాళ్ళు చిన్న పనికి కూడా మెకానిక్‌ను పిలిపిస్తున్నారు. నేను రెండు బాబిన్ కేసులు పెట్టుకున్నాను. ఒకటి మామూలు దారానికి సరిచేసి పెట్టింది, దాన్ని ఎప్పుడూ మార్చను. రెండోదానికి గోళ్ళ రంగుతో ఎర్ర చుక్క పెట్టాను. లావు దారం, మెరుపు దారం కింద వేసి కుట్టాల్సి వస్తే దీని స్క్రూ వదులు చేసుకుంటాను. పని అయ్యాక మళ్ళీ మొదటిది. బాబిన్ కేస్ ఖరీదు ఏమంత ఎక్కువ కాదు.

మిషన్ మెకానిక్ – మంగళవారం, రాత్రి 8:25

రెండు కేసులు పెట్టుకోవడం మంచి పద్ధతి అక్కా, దానికి నేను అడ్డు చెప్పను. కారణం వెతక్కుండా ముందు స్క్రూ తిప్పడమే నేను వద్దనేది. పైన తప్పు ఉంటే కింద బిగించి, కింద బిగిసింది కాబట్టి మళ్ళీ పైన బిగించి, చివరికి రెండు దారాలూ తీగల్లా అయ్యి మిషన్ తెస్తారు.

ఒక సంగతి: రెండో కేస్ కొనేటప్పుడు పాతది తప్పకుండా దుకాణానికి తీసుకెళ్ళాలి. కేస్ పైన కొమ్ములా పొడుచుకొచ్చిన భాగం ఉంటుంది, అది షటిల్ రింగు గాడిలో కూర్చోవాలి. ఆ కొమ్ము ఉండే చోటు కేస్ రకాన్ని బట్టి మారుతుంది. పక్కపక్కన పెట్టి చూసి తీసుకోండి.

నేత ఇంటి అబ్బాయి (మంగళగిరి) – మంగళవారం, రాత్రి 10:10

కొత్తకుట్టు గారూ, నాలుగైదు అంగుళాలకు ఒకసారి తెగుతోంది అన్నారు కదా. అది నాకు బాబిన్ చుట్టడంలో ఉన్న తేడా అనిపిస్తోంది. మాది మగ్గం ఇల్లు. చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన కూర్చుని కండెలు (మగ్గానికి వాడే దారపు చుట్టలు) చుట్టాను. మగ్గం మీద పోగును అటూ ఇటూ మోసే నాడెలో పెట్టే కండె ఒకచోట వదులుగా, ఒకచోట గట్టిగా చుడితే నేసేటప్పుడు పోగు ఒకసారి జారుతుంది, ఒకసారి పట్టేస్తుంది, అంచు చెడిపోతుంది. బాబిన్‌కూ అదే న్యాయం. 1846లో అమెరికాలో ఎలియాస్ హౌ పేటెంట్ తీసుకున్న కుట్టుమిషన్‌లో కింది దారం నాడె లాంటి దానిలోనే అటూ ఇటూ కదిలేది. నాడెను ఇంగ్లిష్‌లో షటిల్ అంటారు, మిషన్ భాగానికి ఆ పేరు అక్కడి నుంచి వచ్చిందే.

మీరు బాబిన్ ఎలా చుడుతున్నారు? చేత్తో అయితే వెంటనే మానెయ్యండి. చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి స్క్రూను, చక్రాన్ని ఒక చేత్తో పట్టుకుని, వదులు చెయ్యండి. అప్పుడు తొక్కితే చక్రం తిరుగుతుంది, సూది ఆడదు. దారాన్ని మిషన్ బల్ల మీద కుడి వైపున ఉండే చిన్న బిళ్ళల కింద నుంచి తీసుకుని బాబిన్‌కు ఎక్కించండి. చాలామంది ఆ బిళ్ళలను వదిలేసి నేరుగా వేలితో పట్టుకుని చుడతారు. అక్కడే మొదలవుతుంది తేడా. చుట్టేది మధ్యలో ఉబ్బకుండా, ఒక పక్కకు ఒరగకుండా, సమంగా రావాలి. గోరుతో నొక్కితే మెత్తగా దిగకూడదు. అంచుల దాకా నింపొద్దు, గీత మందం ఖాళీ ఉండాలి. పాత దారం మిగిలి ఉంటే దాని మీద కొత్తది చుట్టొద్దు.

బాబిన్ చుట్టేటప్పుడు మాటిమాటికీ జారిపోతుంటే, చుట్టే భాగంలో చక్రానికి తగిలే రబ్బరు రింగు చూడండి. ఏడేళ్ళు వాడకపోతే అది ఎండి రాయిలా అయి ఉంటుంది. కొత్తది వేస్తే సరి.

కొత్తకుట్టు – బుధవారం, ఉదయం 6:30

తమ్ముడూ, వేలితో పట్టుకునే చుడుతున్నాను! ఆ బిళ్ళలు దేనికో నాకు తెలియనే తెలియదు. రాత్రి ఆరు బాబిన్లూ ఖాళీ చేసి మీరు చెప్పినట్టు చుట్టాను. స్క్రూ కూడా వదులు చేశాను, అన్న చెప్పినట్టు కుదిపితే మూడు అంగుళాలు దిగి ఆగుతోంది.

నాలుగు పాత బాబిన్లతో కుట్టు చక్కగా వస్తోంది. కొత్తగా కొన్న రెండింటితో మాత్రం ఇంకా కుదుపులే. కేస్‌లో వేసి దారం లాగితే ఒకచోట తేలిగ్గా, ఒకచోట పట్టినట్టు వస్తోంది.

మిషన్ మెకానిక్ – బుధవారం, ఉదయం 9:00

ఆ రెండూ పక్కన పడెయ్యమ్మా. నల్ల మిషన్‌కు వాడే లోహపు బాబిన్‌కు రెండు వైపులా బల్లపరుపుగా ఉంటుంది. వెడల్పు సుమారు 20 మిల్లీమీటర్లు, ఎత్తు 11.7. బజారులో దానిలాగే కనిపించేవి మూడు నాలుగు రకాలు ఉంటాయి. బట్టల ఫ్యాక్టరీల్లో వాడే పెద్ద మిషన్ బాబిన్ కొంచెం వెడల్పు, ఎత్తు తక్కువ. కొన్ని ప్లాస్టిక్ బాబిన్లకు వైపులు కొంచెం ఉబ్బుగా ఉంటాయి. మిల్లీమీటరు తేడా ఉన్నా లోపల గలగలలాడుతుంది, లేదా రాసుకుంటుంది.

కొలత సరిపోయినా వంకర ఉండొచ్చు. అద్దం మీద నిలబెట్టి దొర్లించు. మంచి బాబిన్ తిన్నగా పోతుంది, వంకరది పక్కకు ఒరుగుతుంది. అంచు చుట్టూ గోరు తిప్పు, ఎక్కడైనా తట్టుకుంటే దారం అక్కడే చిక్కుకుంటుంది.

వేసే దిక్కు కూడా చూసుకో. కేస్ తెరిచిన వైపు నీ వైపుకు పెట్టుకుని బాబిన్ వెయ్యి. దారం గాడిలోకి దిగి, వెనక్కి మళ్ళి, స్ప్రింగు రేకు కిందగా బయటికి రావాలి. లాగినప్పుడు బాబిన్ గడియారం ముల్లు తిరిగే వైపుకు తిరగాలి. తిరగేసి వేస్తే దారం గాడి నుంచి జారి బయటికి వచ్చేస్తుంది. తర్వాత కేస్ రెక్కను వేలితో ఎత్తి పట్టుకుని లోపలికి తొయ్యి, "టక్" మని శబ్దం వినాలి. శబ్దం రాకపోతే సరిగా కూర్చోలేదు, సూది వచ్చి దాని మీదే పడుతుంది.

డాలస్ అమ్మ – బుధవారం, ఉదయం 9:45

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది పైనుంచి బాబిన్ వేసే ఎలక్ట్రిక్ మిషన్. కింద కేస్ తియ్యాల్సిన పనే లేదు, ప్లాస్టిక్ మూత జరిపి పైనుంచి వెయ్యడమే. పాప దసరా లంగా ఓణీ కుట్టబోతే నాకూ ఇలాగే కింద గూడు కడుతోంది. వచ్చేటప్పుడు అమ్మ ఇచ్చిన స్టీలు బాబిన్లే వాడుతున్నాను, దీనిలో పట్టాయి.

బ్లౌజ్ అక్క – బుధవారం, ఉదయం 10:10

డాలస్ చెల్లీ, అమ్మ ఇచ్చినవి దాచుకో కానీ ఆ మిషన్‌లో మాత్రం వెయ్యొద్దు. పైనుంచి వేసే వాటిలో కేస్ కూడా ప్లాస్టిక్‌దే ఉంటుంది. ఆ మిషన్ పుస్తకంలో చెప్పిన ప్లాస్టిక్ బాబిన్లే వాడాలి. స్టీలువి పట్టినట్టే ఉంటాయి కానీ బరువుకు, ఎత్తు తేడాకు తిరగడం మారిపోతుంది, కేస్ గీసుకుపోతుంది.

నీ రకంలో దారం లాగితే బాబిన్ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరిగేలా వెయ్యాలి. మూత మీద బాణం గుర్తు వేసి ఉంటుంది, చూడు. దారం గాడిలోకి లాగినప్పుడు వేలితో బాబిన్‌ను నొక్కి పట్టుకో, లేకపోతే స్ప్రింగు కిందకి వెళ్ళదు. ఇక మొదటి తప్పు నీకూ వర్తిస్తుంది: పాదం ఎత్తి పైదారం ఎక్కించు.

డాలస్ అమ్మ – బుధవారం, ఉదయం 10:55

అక్కా, పాదం ఎత్తి ఎక్కించి, మిషన్‌తో వచ్చిన బాబిన్ వేశాను. పోయింది! ఇక్కడ అమెరికాలో ఇంత రాత్రప్పుడు ఆనందంతో మావారిని లేపి చూపించాను. చాలా థాంక్స్.

కుట్టు టీచర్ (అనంతపురం) – బుధవారం, మధ్యాహ్నం 12:40

కొత్తకుట్టు, ఏడేళ్ళు పక్కన పెట్టిన మిషన్ అంటున్నావు కదా, షటిల్ విప్పి శుభ్రం చేశావా? మా ఇన్‌స్టిట్యూట్‌లో కొత్త అమ్మాయిలకు కటింగ్ కన్నా ముందు నేను నేర్పేది ఇదే.

సూదిని పైకి తెచ్చుకో. బాబిన్ కేస్ తీసెయ్. షటిల్ రింగును పట్టి ఉంచే రెండు చిన్న మీటలు ఉంటాయి, వాటిని బయటికి తిప్పు. రింగు వస్తుంది, తర్వాత షటిల్ వస్తుంది. ఏది ఎటు ఉందో ముందే ఫోన్‌లో ఫొటో తీసుకో. లోపల గాడి చుట్టూ పాత టూత్‌బ్రష్‌తో తుడువు. పాత నూనె జిగురులా గట్టిపడి ఉంటే రెండు మూడు చుక్కల కిరోసిన్ వేసి, నానిన తర్వాత గుడ్డతో తుడిచెయ్. మొత్తం ఆరాక గాడిలో మిషన్ ఆయిల్ ఒక్క చుక్క, అంతకన్నా వద్దు. షటిల్ మొనను వేలితో తాకి చూడు, మొద్దుగా, గీతలు పడి ఉంటే చెప్పు.

కొబ్బరినూనె మాత్రం వెయ్యొద్దు. ఇంట్లో చేతికి అందుతుందని చాలామంది వేస్తారు. అది కొన్నాళ్ళకు జిగురుగా మారి, చలికాలంలో పేరుకుపోయి షటిల్‌ను పట్టేస్తుంది.

కొత్తకుట్టు – బుధవారం, సాయంత్రం 7:30

టీచర్ గారూ, విప్పాను. చేతులు వణికాయి, కానీ ఫొటో తీసుకున్నాను కాబట్టి మళ్ళీ పెట్టగలిగాను. షటిల్ వెనక గాడిలో దారాలు ఉండచుట్టుకుని, గోధుమరంగు జిగురుతో అతుక్కుపోయి ఉన్నాయి. అత్తగారిని అడిగితే కొబ్బరినూనే వేసేవాళ్ళమని చెప్పారు. కిరోసిన్‌తో పోయింది. మొన మీద గీతలేమీ లేవు, నున్నగానే ఉంది.

ఇప్పుడు తొక్కుతుంటే శబ్దమే మారిపోయింది. ఇంతకుముందు గడగడమనేది, ఇప్పుడు టకటకమని ఒకే లయలో పోతోంది. అత్తగారు వంటింట్లో నుంచి వచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ కాసేపు నిలబడి విన్నారు. తర్వాత తనే కూర్చుని దుప్పటి ముక్క మీద రెండు గీతలు కుట్టారు. ఆవిడ కుట్టు నా కుట్టు కన్నా తిన్నగా ఉంది.

రెండు కాటన్ బ్లౌజులు అయిపోయాయి. రేపు ఉదయం పట్టుది. సూది 16 ఉంచనా, మార్చనా?

బ్లౌజ్ అక్క – బుధవారం, రాత్రి 8:10

మార్చు. పట్టుకు 11 వెయ్యి, కొత్తది. 16 లావు గుడ్డలకు, పట్టు మీద పెద్ద రంధ్రాలు పడతాయి, పోగులు లాగేస్తుంది. లైనింగ్‌తో కలిపి మందంగా ఉంటే 14 దాకా పోవచ్చు. సూది బిగించేటప్పుడు బల్లపరుపు వైపు షటిల్ మొన ఉండే వైపుకు, పొడుగు గాడి దానికి ఎదురుగా. దారం ఆ గాడి వైపు నుంచే కన్నులోకి ఎక్కాలి. సూదిని పూర్తిగా పైకి తోసి బిగించు, కొంచెం కిందికి దిగి ఉన్నా కుట్లు వదిలేస్తుంది.

మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ నాలుగు అంగుళాలు పాదం వెనక్కి పెట్టి, మొదటి మూడు కుట్లూ వాటిని వేలితో పట్టుకో. మొదటి కుట్టు చక్రాన్ని చేత్తో తిప్పి వెయ్యి, ఎప్పుడూ నీ వైపుకే. ఆ బ్లౌజు నుంచే మిగిలిన పట్టు పేలిక మీద ముందు ఒక గీత కుట్టి, రెండు వైపులా చూసి, తర్వాత అసలు ముక్క పెట్టు.

కొత్తకుట్టు – గురువారం, మధ్యాహ్నం 2:20

పేలిక మీద కుట్టాను. పైన ఎలా ఉందో కిందా అలాగే ఉంది. ఫొటో పెట్టాను చూడండి, ఏది పైనో ఏది కిందో నాకే తెలియట్లేదు. పట్టు బ్లౌజు అయిపోయింది, హుక్కులు ఒక్కటే మిగిలాయి. చెల్లెలు సాయంత్రం వస్తానంది.